బక్కయ్య ఒప్పుకున్న తప్పు

బుధవారం పొద్దున చెల్లెలు ఎలీసబెతు ఫోన్‌లో చెప్పిన మాట విని బక్కయ్యకు మొదట కోపం వచ్చింది. భయం ఆ తరువాత వేసింది.

అంతకు మూడు రోజుల ముందు, ఆదివారం నాడు, ఇచ్చోడ మెథడిస్టు చర్చిలో కోతపండుగ జరిగింది. ఆరాధన అయ్యాక విందు. నలభై కిలోల మేకమాంసం, దానికి తగ్గ బగారన్నం, అంతా బక్కయ్య చేతి మీదుగానే అయింది. కరీంనగర్ నుంచి చెల్లెలూ, ఆమె కూతురు బ్లెస్సీ వచ్చి కడుపునిండా తిన్నారు. మిగిలిన కూర డబ్బాలో పెట్టించుకుని మరీ బస్సెక్కారు. మంగళవారం నుంచి బ్లెస్సీకి కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు. దవాఖానలో స్కాన్ తీస్తే పేగులో ఎముక లాంటిది ఇరుక్కుని కనబడిందట.

"నీ కూరల బొక్కేనట అన్నా," అంది ఎలీసబెతు.

పేరుకు బక్కయ్యే గాని ఆయన గుమ్మం పట్టని మనిషి. ముప్పై ఏళ్లుగా ఇచ్చోడ చుట్టుపక్కల ఏ క్రైస్తవుల ఇంట్లో పెళ్లయినా, బాప్తిస్మం విందయినా పొయ్యి ముందు నిలబడేది ఆయనే. మాంసం కొట్టే పని కసాయివాడికి వదలడు. కత్తి మొద్దుబారితే ఎముక పగులుతుంది, పదునుంటే తెగుతుంది, పగిలిన ఎముకే తినేవాడి ప్రాణం తీస్తుంది అని ఆయన సిద్ధాంతం. ప్రతి ముక్కనూ పసుపునీళ్లలో మూడుసార్లు కడిగి, వేళ్లతో తడిమి, సూదంత ఎముక తునక తగిలినా తీసి పారేస్తాడు. తన కూరను కళ్లు మూసుకుని తినొచ్చని పదిమందిలో చెప్పుకునేవాడు. అలాంటి కూర సొంత మేనకోడలి పేగులో ఇరుక్కుందంటే ఎలా ఒప్పుకుంటాడు? చెల్లెలితో పావుగంట వాదించాడు. అవతల ఆమె ఏడుస్తోందని గుర్తొచ్చాక మాట ఆపి, చొక్కా తొడుక్కుని బస్టాండుకు నడిచాడు.

బ్లెస్సీ ఆయనకు మేనకోడలే గాని కూతురి కింద లెక్క. తండ్రి చిన్నప్పుడే పోతే ఎలీసబెతు కరీంనగర్‌లో ఒక బడిలో ఆయాగా చేరి పిల్లను పెంచింది. ఇంటర్ చదివేటప్పుడు పిల్లకు ఎడమ మోకాలి పైన వాపు వచ్చింది. ఖోఖో ఆటలో పడిన దెబ్బ అనుకున్నారు, నూనె రాశారు, పట్టీ కట్టారు. చివరికి హైదరాబాద్ తీసుకెళితే ఎముక క్యాన్సర్ అని తేలింది. పాడైన ఎముక తీసి లోహపు కడ్డీ వేశారు, నెలల తరబడి మందులు ఎక్కించారు. ఊడిన జుట్టు ఒత్తుగా, రింగులు రింగులుగా మళ్లీ వచ్చింది. కాలు కొంచెం ఈడ్చి నడుస్తుందన్న మాటే గాని, ఏడేళ్లలో డిగ్రీ అయింది, గ్రానైట్ కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కూడా వచ్చింది. ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు.

బస్సు నిర్మల్ చేరేలోగానే ఇచ్చోడ నుంచి నాలుగు ఫోన్లు వచ్చాయి. ఎలీసబెతు ఎవరికి చెప్పిందో, వాళ్లు ఇంకెవరికి చెప్పారో గాని కబురు ఊరంతా పాకింది. విందు తిన్నవాళ్లలో ముగ్గురికి అప్పటికప్పుడు కడుపునొప్పి మొదలైంది. అందరికంటే ఎక్కువ పరేషాన్ అయినవాడు చర్చి కమిటీ పెద్ద తిమోతి. తనకూ బొడ్డు దగ్గర ఏదో గుచ్చుకుంటోందనీ, ఎక్స్‌రే తీయించుకోవడానికి ఆదిలాబాద్ పోతున్నాననీ ఆయన ఫోన్ చేసి చెప్పాడు. బక్కయ్య ఫోన్ కట్టేశాడు.

కరీంనగర్ దవాఖానలో బ్లెస్సీ ముక్కులో గొట్టంతో మంచం మీద పడుకుని ఉంది. ముఖం వాడిపోయింది. మామను చూడగానే మాత్రం కళ్లు మెరిశాయి.

"మామా, ఎన్ని ముక్కలు తిన్నవని అడిగితే పదకొండని చెప్పిన," అంది నీరసంగా. "డాక్టరమ్మ రాసుకున్నది."

ఆపరేషన్ చేయాల్సిన డాక్టర్ పేరు మమతారాణి. నలభై అయిదేళ్లుంటాయి, మాట తక్కువ. చొక్కా చేయి లోపలికి మడత పడినట్టు పేగులోకి పేగు దూరిపోయిందనీ, అందుకే ఆ నొప్పనీ, మర్నాడే కోసి సరిచేయాలనీ ఆమె చెప్పింది. బక్కయ్య దారంతా మనసులో కూర్చుకున్న మాటలు అక్కడ బయటపెట్టాడు.

"మేడం, గా బొక్క తీసినంక నాకొక్కసారి చూపెట్టున్రి. మెడదా, పక్కదా, మూలుగ నల్లిదా, ముట్టుకుంటె చెప్త. నాది కాకపోతె కాదని అందరి ముంగట మీరే చెప్పాలె."

పక్కనున్న నర్సు నవ్వాపుకుంది. డాక్టర్ నవ్వలేదు. సరే చూపిస్తానంది. వెళ్లబోతూ ఆగి, బ్లెస్సీ కాలి మీద ఆ పొడుగాటి కుట్ల మచ్చ ఏమిటని అడిగింది. ఏ ఏడు, ఏ దవాఖాన, ఏం మందులు ఇచ్చారు, అన్నీ విడమరిచి అడిగి రాసుకుంది. చెల్లెలు బదులిస్తుంటే బక్కయ్య వినలేదు. రేపు తను గెలవబోయే వాదన గురించే ఆయన ఆలోచన.

గురువారం ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. బ్లెస్సీ బాగుందనీ, మాటిచ్చాను గనుక పెద్దాయనను ఒక్కసారి లోపలికి పంపమనీ డాక్టర్ కబురు చేసింది. లోపల స్టీలు పళ్లెంలో జానెడు పేగు ముక్క ఉంది. దాన్ని పట్టుకుని నిమ్మకాయంత గడ్డ. డాక్టర్ అప్పటికే దాన్ని నిలువునా కోసి ఉంచింది. బక్కయ్య చేతికి తొడుగులు వేసుకుని, కళ్లద్దాలు సరిచేసుకుని వంగాడు.

వేలితో నొక్కాడు. గట్టిగా, ఇసుక కలిసిన సున్నంలా గరగరలాడింది. తెల్లగా ఉంది, ఎముక రంగే. అయితే దానికి మూలుగ ఉండే గొట్టం లేదు, కీలు లేదు, కత్తివేటు లేదు, పంటిగాటు లేదు. ముప్పై ఏళ్లలో ఆ చేతుల్లోంచి వేల మేకలు పోయాయి. ఏ మేకలోనూ ఇలాంటిది లేదు. వెనక్కి తిప్పి చూశాడు. అది పేగులో ఇరుక్కుని లేదు. పేగు గోడ నుంచే, చెట్టు బెరడు మీద బుడిపె లేచినట్టు, లేచి ఉంది.

"ఇది మింగింది కాదు మేడం," అన్నాడు. "ఇది ఈడనే పుట్టింది."

"నేనూ అట్లే అనుకుంటున్న," అంది డాక్టర్. ఆయనను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఏడేళ్ల కింద కాల్లో వచ్చిన ఆ జబ్బు విత్తనం ఒకటి అప్పుడే ఎక్కడో దాక్కుని ఉంటుంది. మామూలుగా అది ఊపిరితిత్తులకు పోతుంది, లేదంటే ఇంకో ఎముకకు. పేగుకు రావడం అరుదులోకెల్లా అరుదు. ఎక్కడ వాలినా ఎముకను పుట్టించడం ఆ జబ్బు గుణం, అందుకే స్కాన్‌లో అలా కనబడింది. ఇరవై ఏళ్ల నౌకరీలో తను ఒక్కటి కూడా చూడలేదు. హైదరాబాద్ నుంచి పరీక్ష రిపోర్టు రావడానికి పది రోజులు పడుతుంది, అప్పటిదాకా ఇది అనుమానమే, తల్లికీ కూతురికీ రిపోర్టు వచ్చాకే చెబుతుంది. గడ్డను మాత్రం మొదలంటా తీసేసింది. కడుపంతా చేత్తో తడిమి చూసింది, ఇంకెక్కడా ఏమీ తగల్లేదు. స్కాన్‌లో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

బక్కయ్య లేచి తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. రెండు రోజులుగా ఆ ఎముక తనది కాకూడదని దేవుణ్ణి మొక్కాడు. దేవుడు మొక్కు విన్నాడు. ఇప్పుడు అది తన కూరలోదే అయ్యుంటే, తన కత్తి మొద్దుబారే ఉంటే, ఊరంతా తన మీద ఉమ్మేస్తే ఎంత బాగుండునో అనిపించింది.

బయట బెంచీ మీద నుంచి ఎలీసబెతు లేచింది. మూడు రోజులుగా కునుకు లేని ముఖం. నోటితో అడిగింది ఒకటి, కళ్లతో అడుగుతున్నది ఇంకొకటి. ఆ రెండోదాన్ని బక్కయ్య అప్పుడే గుర్తుపట్టాడు. ఆమెకు కూడా పాత జబ్బు భయం ఉంది, పైకి అనడం లేదు, అంతే.

"ఏం బొక్కట అన్నా?"

"మెడ బొక్క," అన్నాడు బక్కయ్య. "నాదే తప్పు చెల్లె. కత్తికి పదును పెట్టలే."

ఎలీసబెతు ఆయనను తేరిపార చూసింది. పిడికిలితో ఆయన రొమ్ము మీద రెండు గుద్దులు గుద్దింది. ఆ తరువాత బెంచీ మీద కూలబడి, బొక్కేనా, ఉత్త బొక్కేనా అంటూ కొంగులో ముఖం దాచుకుని ఏడ్చి, ప్రభువుకు స్తోత్రం చెప్పి, అలాగే గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఆమె గురక వింటూ బక్కయ్య పక్కనే కూర్చున్నాడు. చేసింది తప్పో ఒప్పో ఆయనకు తెలియలేదు. చెల్లెలు నిద్రపోయింది, అదొక్కటే ఆయనకు తెలిసింది.

సాయంత్రానికి ఆయన నేరం ఇచ్చోడ దాకా వెళ్లింది. తిమోతి ఎక్స్‌రేలో గాలి తప్ప ఏమీ కనబడలేదు. అయినా ఆయన ఫోన్ చేసి, క్రిస్మస్ విందుకు ఉట్నూరు నుంచి వేరే వంటవాణ్ణి పిలుస్తున్నామని కొంచెం మొహమాటంగా చెప్పాడు. మంచిదే, పిలవండి అన్నాడు బక్కయ్య. తిమోతి వాదనకు సిద్ధపడి చేసినట్టున్నాడు. ఆ ఒక్క మాటతో తికమకపడి ఫోన్ పెట్టేశాడు.

మూడో రోజుకు బ్లెస్సీ ముక్కులో గొట్టం తీశారు. చెంచాలతో కొబ్బరినీళ్లు తాగుతోంది. తను అవ్వ అని పిలిచే తల్లి బట్టలు మార్చుకు రావడానికి ఇంటికి వెళ్లిన సమయం చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకొమ్మని మామకు సైగ చేసింది.

"అవ్వ చెప్పింది. తప్పు ఒప్పుకున్నవట గద."

బక్కయ్య తలూపాడు.

"నేను పుట్టినకాడికెల్లి నువ్వు ఒక్క తప్పు ఒప్పుకున్నది చూడలే మామా. బోథ్ ఊర్ల పెండ్లిల కూర ఉప్పగైతే తినెటోళ్ల నాలుకలు మంచిగ లేవన్నవు. నువ్వు ఒప్పుకున్నవని వినంగనే నాకు సమజైంది." ఆమె గొంతు తగ్గించింది. "పాతదే గద?"

బక్కయ్య తలుపు వైపు ఒకసారి చూశాడు. రిపోర్టు రాలేదనీ, డాక్టర్‌కు అనుమానం మాత్రమేననీ, మొత్తం తీసేశారనీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. బ్లెస్సీ పైకప్పు వైపు చూస్తూ విన్నది. కంటి చివర నుంచి నీళ్లు జారి దిండులోకి పోయాయి. ఆయన తుడవబోతే చేయి పట్టుకుంది.

"పోయినసారి అందరికి తెలుసు, నాకొక్కదానికే తెల్వదు," అంది. "అందరు తలుపవతల గుసగుస పెట్టుకుందురు, లోపలికొచ్చి నవ్వుదురు. నాకు జబ్బుకంటె గా నవ్వులకే భయమయ్యేది. ఈసారి అవ్వకంటె ముంగట నాకు తెలిసింది. గది మంచిగ అనిపిస్తుంది మామా, నిజంగ."

ఇంకాసేపటికి ఆమె పెదాలు వణికాయి. మళ్లీ ఏడుస్తుందేమోనని బక్కయ్య దగ్గరికి వంగాడు. అది నవ్వు.

"కాల్ల బొక్క ఉండాల్సిన జాగల స్టీలున్నది. పేగుల బొక్క ఉండొద్దు, ఆడ మొలిచింది. నా ఒంట్లె ఒక్కటి గూడ చెప్పిన జాగల ఉండదు."

నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు ఒక దిండు ఇచ్చింది. దాన్ని పొట్టకు అదుముకుని, నొప్పికి మూలుగుతూ, ఆగలేక నవ్వింది. ఏడవాలో నవ్వాలో తెలియక బక్కయ్య రెండూ చేశాడు. రిపోర్టు వచ్చేదాకా తల్లికి చెప్పవద్దని ఇద్దరూ అనుకున్నారు. పది రోజులు అవ్వ మామను తిట్టుకుంటూ సంతోషంగా ఉండనీ అంది బ్లెస్సీ.

ఎలీసబెతు నిజంగానే సంతోషంగా ఉంది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక అన్నను ఇచ్చోడ పోనివ్వలేదు, పక్కన ఉంచుకుని మరీ తిట్టింది. పప్పు వండుతూ తిట్టింది, ముగ్గేస్తూ తిట్టింది, వచ్చిన చుట్టాల ముందు మొదటి నుంచీ కథ చెప్పి తిట్టింది. ఆయనను కత్తి ముట్టుకోనివ్వలేదు. బిడ్డ కోసం చారు కాస్తానంటే కాయమంది గాని, టమాట ముక్కలు మాత్రం తనే కోసి ఇచ్చింది. బక్కయ్య ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. లోపలి గదిలో బ్లెస్సీ దిండు అదుముకునే ఉంది.

పదకొండో రోజు ముగ్గురూ కలిసి డాక్టర్ గదికి వెళ్లారు. అనుమానం నిజమైంది. మమతారాణి ఏదీ దాచకుండా, ఏదీ పెంచకుండా చెప్పింది. బ్లెస్సీ తల్లి చేయి గట్టిగా పట్టుకుంది. ఎలీసబెతు అంతా విన్నది. ముందు కూతురి వైపు చూసింది. ఆ ముఖంలో తను అనుకున్న బెదురు కనబడకపోయేసరికి మెల్లగా అన్న వైపు తిరిగింది.

"అంటే మెడ బొక్క కాదా?"

"కాదు చెల్లె."

"పది దినాలు నన్ను తిట్టనిచ్చినవా?"

బక్కయ్య తల వంచుకున్నాడు. ఇంటికి రాగానే ఎలీసబెతు లోపలి గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకుని గంటసేపు మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. బయటికి వచ్చి ముఖం కడుక్కుని, ఆయన ముందు కత్తిపీట పెట్టి నాలుగు ఉల్లిగడ్డలు తెచ్చి వేసింది. వాటిని కోస్తుంటే ఆయన కళ్ల వెంట కారిన నీళ్ల గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

హైదరాబాద్‌లో తల నుంచి పాదాల దాకా స్కాన్ తీశారు. ఇంకెక్కడా జబ్బు జాడ లేదు. అయినా కొన్నాళ్లు మందులు ఎక్కించడం మంచిదని అక్కడి డాక్టర్లు అన్నారు. ఆ నెలలు సులువుగా గడవలేదు. వాంతులయ్యాయి, నోరు పూసింది, రింగుల జుట్టు మళ్లీ రాలింది. వారం పొడుగునా మంచం దిగని రోజులున్నాయి. మంచిగా ఉన్న రోజుల్లో మాత్రం బ్లెస్సీ తలకు రుమాలు కట్టుకుని ఆఫీసుకు పోయేది. అక్కడ ఎవరైనా జాలిగా అడిగితే, జబ్బు పేరు దాచకుండా చెప్పి, పేగులో ఎముక మొలవడం ఎంత అరుదో వివరించేది. విన్నవాళ్లు జాలి మరిచిపోయి నోరు తెరిచేవాళ్లు.

తిమోతి ఒక ఆదివారం సంచీనిండా సంత్రా పండ్లతో కరీంనగర్ వచ్చాడు. నిజం తెలిశాక ఆయనకు ముఖం చెల్లలేదు. కమిటీ తరఫున క్షమించమని అడిగాడు. క్రిస్మస్ నాడు ఉట్నూరు వంటవాడి కూర ఎట్లుండె అని బక్కయ్య అడిగాడు. ముక్క ఉడకలేదని తిమోతి ఒప్పుకున్నాడు. ఎంత ఉడకలేదని బక్కయ్య వివరం అడిగాడు. ఆ వివరం పూర్తిగా రాబట్టాకే క్షమించానన్నాడు.

డాక్టర్ మమతారాణి ఈ సంగతిని డాక్టర్లు చదివే పత్రికకు రాయాలనుకుని బ్లెస్సీని అనుమతి అడిగింది. పేరు పడుతుందా అని బ్లెస్సీ ఆశగా అడిగింది. పడదు, ఇరవై నాలుగేళ్ల యువతి అని మాత్రమే ఉంటుందని తెలిసి కాస్త నిరాశపడింది. పేగులోది మేకది కాదని చేతితో ముట్టి మొదట చెప్పింది ఎవరో అదైనా రాస్తారా అని బక్కయ్య అడిగాడు. అలాంటివి రాసే చోటు ఆ పత్రికలో ఉండదని డాక్టర్ చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె నవ్వింది. ఆమె నవ్వడం బక్కయ్య చూడటం అదే మొదలు.

మూడు నెలలకోసారి స్కాన్. ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా ముగ్గురికీ అన్నం సహించదు. మందులు ముగిసి ఏడాది దాటాక అయిదో రిపోర్టు కూడా శుభ్రంగా వచ్చిన రోజున బక్కయ్య కరీంనగర్‌లోనే ఉన్నాడు. మధ్యాహ్నం మూడు గంటలు. ఇంటికి పోదామంటే బ్లెస్సీ వినలేదు. ఆటో ఆపి, మానేరు డ్యాముకు పోనిమ్మంది. ఇన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉండి తల్లి ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదట.

వానలకు డ్యాము నిండుగా ఉంది. పడవను చూసి బక్కయ్య వెనకడుగు వేశాడు. తనకు నీళ్లంటే పడదనీ, గట్టు మీద కూర్చుని చూస్తాననీ అన్నాడు. ఎలీసబెతు మాత్రం చెప్పులు చేత పట్టుకుని అందరికంటే ముందు ఎక్కి, మధ్య బల్ల మీద రాణిలా కూర్చుంది. బ్లెస్సీ స్టీలు కాలును ముందు లోపల పెట్టి, తరువాత రెండోది పెట్టి, మామ చేయి పట్టి లాగింది. లాగితే కదిలే మనిషి కాదు గాని ఆయన కదిలాడు.

పడవ వేగం అందుకోగానే ముందుభాగం పైకి లేచింది, నీళ్ల తుంపర ముగ్గురి ముఖాల మీదా పడింది. బక్కయ్య రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇంజను చప్పుడును మించి ఎలీసబెతు గొంతెత్తి స్తుతిపాట అందుకుంది. శ్రుతి ఎటు పోతోందో ఆమెకు ఫికర్ లేదు. పడవ నడిపేవాడు వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. బ్లెస్సీ ఒక చేయి నీళ్లలో పెట్టింది. మళ్లీ పెరిగిన రింగుల జుట్టు గాలికి చెదిరింది.

"కండ్లు తెరువు మామా, జర చూడు," అంది.

ఆయన ఒక కన్ను తెరిచాడు. తరువాత రెండోది. దూరంగా గట్టు మీద మనుషులు గింజలంత కనబడుతున్నారు. పడవ మలుపు తిరిగి గట్టు వైపు పోతుండగా, అయిపోయిందా అని పడవవాణ్ణి అడిగాడు. అయిపోయిందన్నాడు వాడు.

"ఇంకో సుట్టు తిప్పు," అన్నాడు బక్కయ్య.